లెక్క చేసేది చిప్పు, ఆటను నిలబెట్టేది మెమరీ

ఎన్విడియా 2017లో జీటీ 1030 అనే చిన్న గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. అందులో 384 కోర్లు, 2 జీబీ జీడీడీఆర్5 మెమరీ ఉండేవి. ఆ మెమరీకీ చిప్పుకీ మధ్య సెకనుకు 48 జీబీ డేటా నడిచేది. మరుసటి ఏడాది అదే పేరుతో ఇంకో కార్డు బజారులోకి వచ్చింది. చిప్పు అదే, కోర్లు అవే 384, మెమరీ అదే 2 జీబీ. మారిందల్లా మెమరీ రకం. జీడీడీఆర్5 తీసేసి, మామూలు కంప్యూటర్ ర్యామ్‌లో వాడే డీడీఆర్4 పెట్టారు. దాంతో సెకనుకు 48 జీబీ కాస్తా 16.8కి దిగింది. చిప్పు క్లాకును కూడా కొద్దిగా తగ్గించారు గానీ ఆ తగ్గింపు నూటికి ఆరేడు పాళ్లకు మించదు. ఆటల్లో వేగం మాత్రం చాలాచోట్ల దాదాపు సగానికి పడిపోయింది. పెట్టె మీద పేరు చదివి, కోర్లు చూసి, జీబీలు చూసి కొన్న మనిషికి ఈ తేడా ఎక్కడా కనిపించదు. తక్కువ డబ్బుతో కార్డు కొనాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన ఉదాహరణ ఇది. మిగతావన్నీ ఇంచుమించు కదలకుండా ఉంచి, ఒక్క మెమరీని మారిస్తే ఏమవుతుందో ఇందులో తేటగా కనిపిస్తుంది.

నా వాదన కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. మన దగ్గర పదిహేను వేల నుంచి ముప్పై వేల రూపాయల దాకా పలికే కార్డుల్లో లెక్కలు చేసే శక్తికి పెద్ద కరువు లేదు. కరువంతా ఆ లెక్కలకు కావలసిన సరుకు దాచుకునే చోటుకీ, దాన్ని తెచ్చి అందించే దారికీ. అందుకే బడ్జెట్ కార్డు ఎంచుకునేటప్పుడు సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, ఇస్తుందన్నది రెండో ప్రశ్న కావాలి. మెమరీ ఎంత ఉంది, అది చిప్పుకు ఎంత వేగంగా అందుతుంది, అది చాలని రోజున ఏం జరుగుతుంది అన్నది మొదటి ప్రశ్న కావాలి.

లెక్కల శక్తికి కరువు లేదన్న మాటను కాగితం మీద చూపించవచ్చు. మనలో ఎక్కువమంది ఇళ్లలో ఉండే మానిటర్ 1080పి రకం. దాని మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20,73,600. సెకనుకు 60 బొమ్మలు గీయాలంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 8 జీబీ రకాన్ని తీసుకుందాం. దాని 2,560 కోర్లు కలిసి సెకనుకు సుమారు 9 లక్షల కోట్ల లెక్కలు చేయగలవు. భాగిస్తే ఒక్కో చుక్కకు 70 వేలకు పైగా లెక్కలు దక్కుతాయి. ఇప్పుడు మెమరీ వైపు చూడండి. అదే కార్డులో మెమరీ నుంచి చిప్పుకు సెకనుకు 224 జీబీ వస్తుంది. దాన్ని అవే చుక్కలకు పంచితే ఒక్కోదానికి 1,800 బైట్లు. అంటే ఒక్క బైటు తెచ్చుకునేలోపు చిప్పు నలభై లెక్కలు చేసేయగలదు. ఆట గీసే పద్ధతిలో ఒకే చుక్కను పలుమార్లు దిద్దుతారు, నీడలకో బొమ్మ, వెలుతురుకో బొమ్మ వేరేగా గీస్తారు. ఈ 1,800 బైట్లు వాటన్నిటికీ కలిపి. కోర్లు చాలాసార్లు పని లేక కాదు, డేటా చేతికందక ఆగుతాయి.

ఇక దాచుకునే చోటు సంగతి. ‘నా మానిటర్ 1080పి, నాకు 4 జీబీ చాలు’ అనే మాట కార్డుల దుకాణాల్లో తరచుగా వినిపిస్తుంది. తెర ఎంత పెద్దదో మెమరీ అంత కావాలన్న ఊహ దాని వెనక ఉంది. పూర్తయిన ఒక 1080పి బొమ్మకు పట్టే చోటు 8 ఎంబీ మాత్రమే. మధ్యలో వాడే చిత్తుబొమ్మలన్నీ కలిపినా కొన్ని వందల ఎంబీలు. మెమరీని నింపేది తెర కాదు, ఆటలోని వస్తువుల పైతొడుగులు, అంటే టెక్స్చర్లు. ఆటలో ఒక పాత ఇటుక గోడ ఉందనుకుందాం. దగ్గరికి వెళ్లి చూసినా అలుక్కుపోకుండా ఉండాలంటే దాని రంగుల బొమ్మ 4096 అడ్డం, 4096 నిలువు ఉండాలి. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున అది 64 ఎంబీ. దాన్ని అలాగే ఉంచరు. నాలుగు చుక్కలు అడ్డం, నాలుగు నిలువు గళ్లుగా కోసి, ఒక్కో గడిని 16 బైట్లలోకి కుదిస్తారు. అప్పుడు 16 ఎంబీ అవుతుంది. దూరంనుంచి చూసినప్పుడు వాడటానికి అదే బొమ్మను సగం, పావు, అరపావు సైజుల్లో కూడా పక్కనే పెట్టుకుంటారు. దానికి మూడోవంతు అదనం, మొత్తం 21 ఎంబీ. ఇది రంగు మాత్రమే. ఇటుకల ఎత్తుపల్లాలు చెప్పే బొమ్మ ఒకటి, ఏ భాగం మెరవాలో ఏది మెరవకూడదో చెప్పే బొమ్మ మరొకటి కావాలి. మూడూ కలిపి ఒక్క గోడకు 60 ఎంబీ పైచిలుకు. అదే వీధిలో నేల, తలుపులు, చెట్ల బెరడు, మనుషుల చర్మం, బట్టలు ఉంటాయి. వీటిలో కొన్నిటికి చిన్న బొమ్మలు సరిపోతాయి, కొన్నిటికి సరిపోవు.

ఈ టెక్స్చర్ల సైజును నిర్ణయించేది మన పీసీ కాదు. పెద్ద ఆటలు తీసేవాళ్లు ముందుగా కన్సోల్‌ను చూస్తారు. 2013 నాటి ప్లేస్టేషన్ 4లో మొత్తం మెమరీ 8 జీబీ. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో 16 జీబీ. కన్సోల్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ దాన్నే పంచుకుంటాయి కాబట్టి ఆటకు దక్కేది అంతకంటే తక్కువే. అయినా కొత్త కన్సోల్ మీదే దృష్టి పెట్టి ఆటలు తీయడం మొదలయ్యాక, పాత లెక్కలతో కొన్న కార్డులు ఇరుకైపోయాయి.

మెమరీ నిండిపోతే ఆట వెంటనే ఆగిపోదు. పట్టని టెక్స్చర్లను కంప్యూటర్ ర్యామ్‌లో పెట్టి, అవసరమైనప్పుడు మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గుండా తెప్పించుకుంటుంది. ఆ స్లాటు వేగం కార్డు సొంత మెమరీ వేగంలో చిన్న భాగం. ఏఎండీ 2022 జనవరిలో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో ఈ రెండు ఇరుకులూ ఒకేచోట కలిశాయి. దాని మెమరీ 4 జీబీ. అది స్లాటులోని పదహారు లేన్లలో నాలుగింటినే వాడుకుంటుంది. నాలుగో తరం పీసీఐ స్లాటులో ఆ నాలుగు లేన్లకు సెకనుకు సుమారు 8 జీబీ వస్తుంది, మూడో తరం స్లాటులో 4 జీబీయే. కార్డు సొంత మెమరీ సెకనుకు 144 జీబీ ఇస్తుంటే, పక్కనున్న ర్యామ్ నుంచి 4 జీబీ వస్తోంది, అంటే ముప్పై ఆరో వంతు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు ఈ దారిన వచ్చేది 66 ఎంబీ. పైన చెప్పిన ఇటుక గోడ ఒక్కదానితోనే అది దాదాపు సరి. పాత బోర్డుల మీద ఈ కార్డు ఎందుకు చతికిలపడిందో చెప్పడానికి ఈ ఒక్క భాగహారం చాలు. విచారకరమైన విషయం ఏమిటంటే, చవక కార్డు కొనేది పాత బోర్డున్నవాళ్లే.

ఈ ఇబ్బంది చాలా రివ్యూల్లో కనిపించకపోవడానికి కారణం సగటు. ఒక సెకనులో 59 ఫ్రేములు పది మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము 410 మిల్లీసెకన్లు ఆగిందనుకోండి. మొత్తం సరిగ్గా ఒక సెకను, అరవై ఫ్రేములు. సగటు 60 అని రాస్తారు. ఆడేవాడి కళ్ల ముందు మాత్రం దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోయింది, ఆ లోపు ఎదుటివాడు కాల్చేశాడు. స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు 2011లో టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో ఫ్రేములను సెకన్లలో లెక్కపెట్టడం మాని, ఒక్కో ఫ్రేము ఎంతసేపు పట్టిందో కొలవడం మొదలుపెట్టాడు. ఇవాళ మంచి రివ్యూల్లో సగటు పక్కన ‘1 శాతం లో’ అనే అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, కనిపించడానికి ఆ పని దారి వేసింది. మెమరీ చాలని కార్డు సగటు అంకెలో బాగానే నెట్టుకొస్తుంది. ఆ రెండో అంకెలో దొరికిపోతుంది. చవక కార్డుల రివ్యూ చదివేటప్పుడు నేనైతే రెండో అంకెనే ముందు చూడమంటాను.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది: నిండుగా మెమరీ ఉన్నంత మాత్రాన కార్డు మంచిదైపోతుందా? కాదు. మన బజార్లలో ఇప్పటికీ 4 జీబీ అని పెద్ద అక్షరాలతో రాసిన జీటీ 730 కార్డులు దొరుకుతున్నాయి. వాటిలో 64-బిట్ డీడీఆర్3 రకానికి సెకనుకు 14.4 జీబీ నడిచే దారే ఉంది. అరవైతో భాగిస్తే ఒక ఫ్రేము కాలంలో ఆ చిప్పు ముట్టుకోగలిగేది 240 ఎంబీ. మిగతా మెమరీ ఉండీ లేనట్టే. చెరువు నిండా నీళ్లున్నా తూము సన్నదైతే చివరి మడి తడవదు. కాబట్టి చోటును, దారిని కలిపే చూడాలి. సెకనుకు వచ్చే జీబీలను అరవైతో భాగించడం మంచి అలవాటు. ఆర్‌ఎక్స్ 6600కు 3.7 జీబీ వస్తుంది, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డుకు 6 జీబీ, ఇంటెల్ 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్ బీ580కి 7.6 జీబీ.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పాత ఆర్‌ఎక్స్ 580కి సెకనుకు 256 జీబీ, ఆర్‌ఎక్స్ 6600కు 224 జీబీ. రెండిటిలోనూ 8 జీబీ మెమరీ. నా లెక్క ప్రకారం పాతదే గెలవాలి కదా? గెలవదు, 6600 చాలా ముందుంటుంది. ఒక ముఖ్య కారణం 6600 చిప్పులోనే ఉన్న 32 ఎంబీ క్యాష్. పదే పదే కావలసిన డేటా అక్కడే దొరికితే మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. ఎన్విడియా కూడా ఆర్‌టీఎక్స్ 4060లో ఈ దారే పట్టింది. 3060లో 3 ఎంబీ ఉన్న క్యాష్‌ను 24 ఎంబీ చేసి, మెమరీ వేగాన్ని 360 నుంచి 272కి తగ్గించింది. అయినా చాలా ఆటల్లో 4060 వేగంగానే పరిగెడుతుంది, కరెంటు కూడా తక్కువ తాగుతుంది, 170 వాట్లకు బదులు 115. అందువల్ల జీబీలను జీబీలతో పోల్చడం ఒకే తరం కార్డుల మధ్యే న్యాయం. ఈ మేరకు నా వాదనను కుదించుకోవాల్సిందే. కానీ క్యాష్ తగ్గించేది ప్రయాణాల సంఖ్యను. అది చోటును పెంచదు. 24 ఎంబీ క్యాష్ ఉన్నందువల్ల 8 జీబీ మెమరీ 9 జీబీ కాదు. టెక్స్చర్లు 8 జీబీ దాటే ఆటల్లో నెమ్మదైన 3060 నిలకడగా సాగి, వేగమైన 4060 తడబడటం అందుకే.

మూడో అభ్యంతరం ఆటలు తీసేవాళ్ల మీదికి పోతుంది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ 2023 మార్చిలో పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులున్నవాళ్లు నానా అవస్థలు పడ్డారు. తర్వాత వచ్చిన ప్యాచ్‌లతో పరిస్థితి బాగా మెరుగైంది. కాబట్టి తప్పు కార్డుది కాదు, ప్రోగ్రామర్లది అంటారు. ఆ ఆట తొలిరూపం నాసిగా ఉన్నమాట నిజం. అయితే ప్యాచ్‌లు చేసిన పనిలో పెద్ద భాగం మెమరీ వాడకాన్ని తగ్గించడం, మీడియం టెక్స్చర్లను చూడదగ్గట్టు చేయడం. అంటే సమస్య మెమరీ దగ్గరే ఉందని ప్రోగ్రామర్లూ ఒప్పుకుని అక్కడే పని చేశారు. ప్రతి ఆటకూ అంత ఓపిగ్గా ప్యాచ్‌లు రావు. వచ్చినా, తొలిరోజు డబ్బు పెట్టి కొన్నవాళ్లకు అవి ఆలస్యమే.

సెట్టింగులు తగ్గించుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకన్నది మరో మాట. నీడలు, వెలుతురు, గడ్డి ఒత్తుదనం తగ్గించడం ఎవరికైనా మంచి సలహాయే. విచిత్రం ఏమిటంటే, మెమరీ సరిపడా ఉంటే టెక్స్చర్లను పెంచినందువల్ల వేగం తగ్గేది చాలా స్వల్పం. బొమ్మ అందాన్ని ఎక్కువగా పెంచేదీ అదే. బలహీనమైన చిప్పుకు ఎక్కువ మెమరీ దండగ అనేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు. బలహీనమైన చిప్పు చౌకగా చేయగలిగిన అలంకారం అదొక్కటే. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి పద్ధతులు 720పిలో గీసి 1080పికి పెంచుతాయి. చుక్కల పని సగానికి పైగా తగ్గుతుంది, టెక్స్చర్ల బరువు మాత్రం అంతగా తగ్గదు. మధ్యలో ఫ్రేములు కల్పించే ఫ్రేమ్ జనరేషన్‌కైతే అదనంగా మెమరీ కావాలి. ఇరుకైన కార్డుకు ఈ మందు సరిపడదు.

కాలం కూడా ఈ వాదన వైపే సాక్ష్యం చెబుతుంది. 2016లో జీటీఎక్స్ 1060 రెండు రకాలుగా వచ్చింది: 6 జీబీతో 1,280 కోర్లు, 3 జీబీతో 1,152 కోర్లు. కోర్లలో తేడా పదో వంతు, అప్పటి ఆటల్లో వేగం తేడా కూడా ఇంచుమించు ఆ మేరకే. తక్కువ ధర చూసి 3 జీబీ కొన్నవాళ్లు ఆ రోజుకు తెలివిగానే కొన్నట్టు. కొన్నేళ్లు గడిచేసరికి కొత్త ఆటల్లో 6 జీబీ కార్డు మర్యాదగా నడుస్తుంటే 3 జీబీ కార్డు అడుగడుక్కీ ఆగుతూ వచ్చింది. రెండేళ్లకోసారి కార్డు మార్చేవాళ్లకు ఇది పట్టకపోవచ్చు. మన ఇళ్లలో కార్డు ఐదారేళ్లు ఉంటుంది, ఆ తర్వాత తమ్ముడికో మేనల్లుడికో చేరుతుంది. అందుకే కొన్న రోజు వేగం కంటే నాలుగో ఏట నిలకడకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రమే ఆడేవాళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదా? చాలామటుకు అక్కర్లేదు. వాలరెంట్ లాంటి ఆటలకు టెక్స్చర్ల బరువు తక్కువ, ప్రాసెసర్ బలం ఎక్కువ కావాలి. వాళ్లకు చాలాసార్లు కార్డే అవసరం లేదు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ సరిపోతుంది. అక్కడ కూడా మెమరీయే మళ్లీ ఎదురవుతుంది. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 వేగం డీడీఆర్4 స్టిక్ ఒక్కటే పెడితే సెకనుకు 25.6 జీబీ, రెండు పెడితే 51.2. అసెంబుల్ చేయించేటప్పుడు ఖర్చు తగ్గుతుందని 16 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టించుకునేవాళ్లు ఎంతోమంది. ఇంచుమించు అదే డబ్బుకు 8 జీబీ స్టిక్‌లు రెండు పెట్టించుకుంటే దారి రెట్టింపవుతుంది. కార్డు కోసం దాచిన డబ్బు తీసేముందు ఈ ఒక్కటీ సరిచూసుకోవాలి.

5600జీతో మొదలుపెట్టి తర్వాత కార్డు చేర్చుకుందామనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బోర్డు కొత్తదైనా ఆ ప్రాసెసర్ కార్డుకు ఇచ్చేది మూడో తరం పీసీఐ మాత్రమే. బీ450 బోర్డులదీ, ఇంటెల్ పదో తరం దాకా ఉన్న ప్రాసెసర్లదీ అదే పరిస్థితి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 ఎనిమిది లేన్లే వాడతాయి. మెమరీ సరిపోయినంతసేపూ ఇబ్బంది తెలియదు, నిండిన రోజున వాటికి సెకనుకు 8 జీబీయే దిక్కు. పదహారు లేన్లూ, 12 జీబీ మెమరీ ఉన్న 3060 ఇలాంటి బోర్డులకు బాగా కుదురుతుంది. బీ580కి 12 జీబీ ఉన్నా, బోర్డులో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేకపోతే దాన్ని కొనకపోవడమే మేలు. అది ఉన్నా పాత ప్రాసెసర్ల మీద ఆ కార్డు వెనకబడుతుంది. చిన్న ఎస్‌ఎంపీఎస్ ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టాలంటే స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకోవాలి. దానికి 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది. 8 జీబీ 3050తో పేరు పంచుకున్నా అది వేరే కార్డు: 2,304 కోర్లు, 128 బిట్లకు బదులు 96 బిట్ల దారి.

కొత్త కార్డుల్లోనూ ఇదే కథ నడుస్తోంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రకాలుగా ఉన్నాయి. ఒక్కో జంటలో చిప్పు ఒక్కటే, విడుదలనాడు ప్రకటించిన ధరల్లో తేడా రెండు చోట్లా 50 డాలర్లు. ఈ జంటల్లో 8 జీబీ రకం నా దృష్టిలో కొనదగ్గది కాదు. ఆ డబ్బు పెట్టగలిగితే 16 జీబీకి కాస్త ఆగాలి, లేదంటే ఒక మెట్టు దిగి ఆర్‌ఎక్స్ 6600 లాంటి నిజంగా చవకైన కార్డు తీసుకుని మిగిలింది ర్యామ్ మీద పెట్టాలి.

సికింద్రాబాద్ సీటీసీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వాడిన కార్డు కొనేవాళ్లు పెట్టె మీది పేరును నమ్మి డబ్బు ఇవ్వకూడదు. ఆర్‌ఎక్స్ 580 పేరుతో దొరికేవాటిలో 2,304 కోర్లున్న అసలు రకంతో పాటు 2,048 కోర్ల రకం కూడా ఉంది. కార్డును కంప్యూటర్‌కు తగిలించి జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవమని అడగాలి. కొన్ని పాత ఎన్విడియా చిప్పులకు కొత్త పేరు తొడిగి అమ్మితే ఆ ప్రోగ్రామ్ పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. అందులో మెమరీ రకం, మెమరీ సైజు, బ్యాండ్‌విడ్త్ (సెకనుకు నడిచే జీబీలు), బస్ ఇంటర్‌ఫేస్ అనే నాలుగు గళ్లు చదవాలి. బస్ ఇంటర్‌ఫేస్ గడిలో మొదట తక్కువ అంకె కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. పని లేనప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం స్లాటు వేగాన్ని తగ్గించుకుంటుంది. ఆ గడి పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపిస్తే, లేన్లు ఎన్నో, అవి ఏ తరంలో నడుస్తున్నాయో ఆ గడిలోనే తేలుతుంది.